పురుగుకు కావాల్సిన గడువు

చెరువు మీద గుర్రపు డెక్క పరుచుకుంటే నిజామాబాద్‌లోనైనా బోధన్‌లోనైనా మొదట వినిపించేది జేసీబీ మాటే. కలుపు మందు కొట్టమనే వాళ్లూ ఉంటారు. చేపల మీద బతికే గంగపుత్రులు, ముదిరాజులు ఆ మాటకు ఉలిక్కిపడితే తప్పు లేదు. ఇక పురుగును వదులుదామంటే నవ్వొస్తుంది. ఏటా పురుగు మందుకు అప్పు చేసే రైతుకు రాదా మరి!

ఆ పురుగు మాత్రం నవ్వులాట కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కకు అక్కడి ముక్కుపురుగే శత్రువు. పెద్ద పురుగు ఆకును గీకుతుంది, పిల్ల పురుగు కాడను తొలుస్తుంది. 1980లలో బెంగళూరు చెరువుల్లో దాన్ని వదిలి చూశారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990లలో యంత్రాలూ పురుగులూ రెండూ దిగాయి. డెక్క తగ్గిన ఘనత పురుగుదా, 1997-98 ఎల్‌నినోదా అన్న వాదన మాత్రం తెగలేదు.

చిక్కంతా గడువులో ఉంది. పురుగు పనికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ దానికి తిండిగా కొంత డెక్క మిగలాలి. మధ్యలో ఎన్నికలొచ్చి ఎవరో యంత్రం దింపి గీకేయిస్తే పురుగు పోతుంది. అడుగు బురదలోని గింజలు మాత్రం ఏళ్ల తరబడి ప్రాణంతోనే ఉంటాయి. రెండు మంచి ఉపాయాలు ఒకదాన్నొకటి చెడగొట్టడమంటే ఇదే.

అన్నేళ్లు ఓపిక పట్టాల్సింది ఊరే. మరి ఊరు ఒక పరిష్కారాన్ని ఎప్పుడు తనదనుకుంటుంది? చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది అప్పటి నిజామాబాద్ జిల్లాలోనే, సదాశివనగర్ పాత చెరువు దగ్గర. తవ్వకం సర్కారుది, మట్టి తోలుకునే ఖర్చు రైతుది. ఆ మట్టి తన చేనులోనే పడుతుంది కనుక ట్రాక్టరు కిరాయికి రైతు వెనకాడలేదు. పట్నాల్లో అదే పథకం మినీ ట్యాంక్‌బండ్ అయింది. పొద్దున నడిచేవాళ్లకు హాయే, కాదనలేం. కాకపోతే మురుగు ఆగనంత కాలం కట్ట మీది లైట్లు డెక్కను కూడా చక్కగా చూపిస్తాయి.

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక బోధన్ చుట్టూ చెరకు చేలు చాలావరకు వరి మడులయ్యాయి. మడుల్లోంచి జారే యూరియా నీళ్లు, పట్నం మురుగు డెక్కకు రెండూ విందే. అవి ఆగకుండా ఏ పురుగూ ఏ యంత్రమూ గెలవదు. బెల్లాల్ చెరువులాంటి తాగునీటి చెరువులో మందు ముచ్చటే వద్దు. మిగతా చోట్ల యంత్రాన్ని తూము, అలుగు దగ్గరికే పరిమితం చేసి, ఒక మూల డెక్కను పురుగులకు వదలొచ్చు. తీసిన చెత్తను ఎరువు చేసి ఆయకట్టు రైతుకే ఇవ్వొచ్చు. ఆ మూలను చూసి 'పని సగం చేసి పోయిండ్రు' అనేవాళ్లకు సంగతి ముందే చెప్పి ఉండాలి. చెప్పేది ఇంజనీరు కంటే మత్స్య సహకార సంఘం మనిషైతే ఊరు ఎక్కువ వింటుంది.