తోబుట్టువును చూడ్డానికి టికెట్టా?

ఇండోనేషియాలోని కొమోడో దీవి వీడియో చూసి మా బడి పిల్లలు అడిగిన మొదటి మాట: "సార్, అక్కడ మనుషులుండరా?" వీడియోలో మూడు మీటర్ల ఉడుములున్నాయి, పగడపు దిబ్బలున్నాయి, పక్షి రెక్కలాడించినట్టు ఈదే మాంటా చేపలున్నాయి. ఊరు మాత్రం లేదు. ఊరుంది. చూపించలేదు.

ఆ ఊరివాళ్లు ఉడుమును 'ఓరా' అంటారు. ఒక తల్లికి కవలలు పుట్టారనీ, ఒకరు మనిషి, ఒకరు ఓరా అనీ వాళ్ల కథ. అంటే ఓరా వాళ్లకు తోబుట్టువు. తోబుట్టువును చంపుకోరు కదా! ఆ బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకోకుండా 1980లో జాతీయ పార్కు పెట్టారు. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. జింక వేట నేరమైంది, చెట్టు కొట్టడం నేరమైంది, చేపలు పట్టే చోటికీ గీత గీశారు. వేటగాళ్ల బిడ్డలు ఇప్పుడు కొయ్య ఉడుములు చెక్కి యాత్రికులకు అమ్ముకుంటున్నారు.

2019లో ఏకంగా ఊరినే ఖాళీ చేయిస్తామన్నారు. జనం ఎదురు తిరిగితే వెనక్కి తగ్గారు. పక్కనున్న రింకా దీవిలో మాత్రం యాత్రికుల కోసం కాంక్రీటు పోశారు. 2020లో లారీకి ఎదురు నిలిచిన ఓరా ఫోటో లోకమంతా చూసింది. 2022లో టికెట్టు 37.5 లక్షల ఇండోనేషియా రుపియాలన్నారు. పడవలవాళ్లు, గైడ్లు సమ్మె కట్టాక ఆగింది. ఊరివాళ్ల వల్ల ముప్పంటే లారీ ఎవరిది?

"జంతువు అంతరించిపోతుంటే మీకు పట్టదా?" అంటారు. పడుతుంది. 2021లో ఓరాను ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. సముద్రం పెరిగి, వచ్చే 45 ఏళ్లలో దాని తావు కనీసం 30 శాతం తగ్గుతుందన్నారు. సముద్రాన్ని పెంచింది కొయ్య బొమ్మలు చెక్కేవాడా, విమానమెక్కి వచ్చేవాడా?

ఈ కథ మనకు కొత్త కాదు. నల్లమలలో పులి పేరు చెప్పి చెంచులను లేవమంటారు. అదే అడవిలోకి సఫారీ జీపులను పంపుతారు. 2006 అటవీ హక్కుల చట్టం ఏమంటుంది? ముందు హక్కులు తేల్చాలి. మనిషీ జంతువూ కలిసి బతకడానికి వేరే దారి లేదని తేలాలి. గ్రామసభ అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. అప్పుడే కదిలించే మాట. ఉపాధ్యాయ మిత్రులారా, ఇది పిల్లల చేత చదివించండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గ్రామసభలో సంతకం పెట్టేముందు కాగితం గట్టిగా చదివి వినిపించమనండి.

దీవులు చూడొద్దని మేం అనం. వెళ్లినప్పుడు ఉడుముతోపాటు ఊరినీ అడిగి చూడండి. మా పిల్లల ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.