టెర్మినల్లో వేదాద్రికి ఎన్ని గళ్ళు?

నల్ల తెర మీద తెలుగు సరిగ్గా కనపడకపోతే మన ఐటీ జనం చేసే పని ఒకటే. "ఫాంట్ ప్రాబ్లం" అనేసి వదిలెయ్యడం. నేనూ అదే బాపతు. ఆరేళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు లినక్స్ టెర్మినల్ ముందు కూర్చుంటున్నా, ఎందుకలా వస్తోందో ఒక్కసారి కూడా చూడలేదు. పోయినేడు మా ఊళ్ళో బతికున్న మనిషిని కీర్తిశేషుణ్ణి చేశాక చూడక తప్పింది కాదు.

మాది వేదాద్రి. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే హైవేలో చిల్లకల్లు దగ్గర పక్కకి తిరిగితే కృష్ణ ఒడ్డున నరసింహస్వామి గుడి ఉంటుంది, అదే. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లానే. కల్యాణానికి మావాళ్ళు అన్నదానం చేస్తారు. చందాలిచ్చినవాళ్ళ పేర్లతో ఫ్లెక్సీ కట్టాలి. పేర్లు ముగ్గురు మూడు ఫైళ్ళలో కొట్టి పెట్టారు. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి కదరా, కాస్త వరసలో పెట్టియ్యి" అన్నాడు బాబాయ్.

నాలుగు కమాండ్ల పని. మూడు ఫైళ్ళూ కలిపి, సార్ట్ కొట్టి, రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఫ్లెక్సీలో వెడల్పు సరిపోవాలి కాబట్టి కట్ కమాండుతో ఒక్కో లైనుకి మొదటి 60 అక్షరాలు ఉంచా. 60 అక్షరాల పేరు ఎవరికుంటుంది అని ధీమా. తెర మీద ఒత్తులు విడిపోయి, అక్కడక్కడా ప్రశ్నార్థకాలతో వచ్చింది. టెర్మినల్లో తెలుగు ఎప్పుడూ అంతే కదా అనుకుని ఫైలు జగ్గయ్యపేటలో ఫ్లెక్సీ కుర్రాడికి పంపేశా.

కట్టిన రోజు సాయంత్రం బాబాయ్ ఫోను. "ఏరా, బతికున్నాయన్ని చంపేశావేంట్రా! ఆయన ఫ్లెక్సీ కిందే నిలబడి చూస్తన్నాడు."

ఆ లైనులో ముందు ఆయన పేరు, తర్వాత కామా, కీ.శే., వాళ్ళమ్మ పేరు, జ్ఞాపకార్థం అని ఉండాలి. ఆయన పేరొక్కటే 39 బైట్లు. కామా, ఖాళీ కలిపి 2. కీ.శే. అన్నది 14. ఇంకో ఖాళీతో 56. మిగిలిన నాలుగు బైట్లలో వాళ్ళమ్మ పేరులో మొదటి అక్షరం, దాని పక్కన ఇంకో అక్షరంలో మూడోవంతు పట్టాయి. ఆ మూడోవంతు ప్రశ్నార్థకంలా కనపడితే ఫ్లెక్సీ కుర్రాడు చెత్త అనుకుని అక్షరంతో సహా తీసేశాడు. మిగిలింది ఆయన పేరూ, పక్కనే కీ.శే. చేయించినవాడు అమ్మ పేరు గుడి దగ్గర కనపడాలని డబ్బిచ్చాడు. ఆమె పేరు పోయింది, ఈయన పోయినట్టయింది.

ఇంతకీ అక్షరాలు అడిగితే బైట్లు ఎందుకు కోసింది? నా ల్యాప్‌టాప్‌లో బాష్ సెట్టింగుల ఫైలులో ఎప్పుడో పెట్టుకున్న ఒక లైను ఉంది. లొకేల్ మొత్తం 'సి' చేసెయ్యమని. ఆఫీసులో పెద్ద పెద్ద లాగ్ ఫైళ్ళలో గ్రెప్ స్పీడుగా నడవాలంటే అలా పెట్టు అని ఒక సీనియర్ చెప్తే పెట్టేశా. ఒకప్పుడు అది నిజమే. యూటీఎఫ్-8 లొకేల్లో గ్రెప్ నత్తలా నడిచేది. 2014లో వచ్చిన 2.19 వెర్షన్ దగ్గర్నుంచి ఆ బాధ చాలావరకు పోయింది. చిట్కా మాత్రం ఒకరి దగ్గర్నుంచి ఒకరికి అంటుకుంటూనే ఉంది. 'సి' లొకేల్లో ఏ టూలుకైనా ఒక బైటే ఒక అక్షరం. తెలుగు అక్షరం, గుణింతం, ఒత్తు పుట్టించే పొల్లు, ఒక్కోటీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. సార్ట్ కూడా మన వర్ణమాల చూడదు, కోడ్ నంబరే చూస్తుంది. యూనికోడ్‌లో ళ అనేది ల పక్కన ఉంది కాబట్టి కవిత కంటే ముందు కళావతి వచ్చి కూర్చుంటుంది. (అన్నట్టు ఆ లైను తీసేసినా నేను బతికి బయటపడేవాణ్ణి కాదు. గ్నూ కట్ కమాండు అక్షరాలు అని అడిగినా ఎన్నో ఏళ్ళపాటు బైట్లే లెక్కపెడుతూ వచ్చింది.)

ఇది టూలు గొడవ. తెర గొడవ వేరే. లొకేల్ బాగుచేసి, డబ్ల్యూసీ కమాండుకి 'వేదాద్రి' అని ఇచ్చి చూడండి. బైట్లు 24. కోడ్‌పాయింట్లు 8. టెర్మినల్లో పట్టే వెడల్పు 4 గళ్ళు. మా అమ్మని అడిగితే మూడక్షరాలు. నలుగురూ కరెక్టే, అదే తంటా! 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 తెర 24 వరసలు, 80 గళ్ళు. ఒక గడికి ఒక ఇంగ్లీషు అక్షరం. ఇవాళ మనం వాడే టెర్మినళ్ళు ఇంకా ఆ గళ్ళ నోటుబుక్కే. చైనా, జపాన్ అక్షరాలకి రెండు గళ్ళు ఇవ్వాలని వాళ్ళవాళ్ళు పట్టుబట్టి కూర్చుని చేయించుకున్నారు. మనకి? 'కా' ఒక గడి, 'కు' రెండు గళ్ళు. ఎందుకంటే యూనికోడ్ పట్టికలో దీర్ఘం చోటు తీసుకోని గుర్తు, కొమ్ము చోటు తీసుకునే గుర్తు. 'ద్రి'లో ద ఒక గడి, ర ఇంకో గడి. ఒత్తు కింద చేరాలని గళ్ళు లెక్కపెట్టే ఆ ఫంక్షనుకి ఎవరూ చెప్పలేదు. షెల్ ఒక లెక్క వేసి, టెర్మినల్ ఇంకో లెక్క వేస్తే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. బ్యాక్‌స్పేస్ కొడితే దెయ్యాల్లా ముక్కలు మిగులుతాయి.

కనపడటం అందం సంగతి అనుకునేవాణ్ణి. కాదు. నా తెర రోజూ అబద్ధం చెప్పింది కాబట్టి, ఆ ప్రశ్నార్థకాలతో నిజం చెప్పిన రోజున నేను నమ్మలేదు. డేటా నిజంగా విరిగింది అని అది అరుస్తుంటే ఫాంట్ అనుకున్నా. వేలమంది తెలుగు ఇంజనీర్లం ఆ నల్ల కిటికీలోనే బతుకుతూ దాంట్లో తెలుగు పెట్టం, పెట్టినా విరిగితే బగ్ రాయం. ఎంఎల్‌టెర్మ్ అనే టెర్మినల్లో భారతీయ లిపులకి చోటుందంటే అది జపాన్ వాళ్ళ పుణ్యం. సిగ్గుగా లేదూ? 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో 'ద్రి' లాంటి ఒత్తక్షరం మొత్తం ఒకే ముక్క అని ప్రమాణంలోకి ఎక్కింది. అంతకుముందు దాకా పొల్లు దగ్గర కోసెయ్యడమే అక్కడి రూలు. ఇక టెర్మినళ్ళు ఆ రూలు పాటించాలి. పాటించడంలేదని చెప్పాల్సింది ఎవరు, మనం కాక?

ఇప్పుడు నా పద్ధతి ఇది. ముందు లొకేల్ కమాండు కొట్టి చూస్తా. లెస్‌లో తెలుగు బదులు ఈ0, బీ0 అంటూ కోణాల బ్రాకెట్లలో అంకెలొస్తే లొకేలే దొంగ, ఫైలు కాదు. అక్కడ బాగుంటే హెక్స్‌డంప్ తీసి బైట్లు మూడేసి చొప్పున పూర్తిగా ఉన్నాయా అని చూస్తా. అదీ బాగుంటే జీఎడిట్ లాంటి మామూలు ఎడిటర్లో తెరుస్తా. అక్కడ ఒత్తులు కుదురుగా ఉంటే అప్పుడు టెర్మినల్‌ని తిడతా. మొదటే తిట్టను. స్పీడు కావాలంటే 'సి' లొకేల్ ఆ ఒక్క గ్రెప్ కమాండు ముందే పెడతా, సెట్టింగుల్లో కాదు. పూర్తి మాట ఉన్నదున్నట్టు వెతకడానికి యూటీఎఫ్-8తో పేచీ ఏమీ లేదు, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని అలాగే కట్టారు. కొయ్యడం, వరసపెట్టడం మాత్రం అలా వద్దు.

రెండో ఫ్లెక్సీ నా డబ్బుల్తో మర్నాడు పొద్దున్నే కట్టించా. ఆయన ఇంటికి వెళ్ళి "తప్పయిపోయింది బాబాయ్ గారూ" అన్నా. "నాదేముందిలే, మా అమ్మ పేరు సరిగ్గా ఏశావా?" అన్నాడు. ఈసారి కమాండ్లు వాడలేదు, వరస వరసా చేత్తో సరిచూశా. నేను వాడే టెర్మినల్ వాళ్ళకి బగ్ కూడా రాశా. ఉదాహరణకి ఏం పెట్టాలా అని ఆలోచించి వేదాద్రి, కృష్ణా, జ్ఞాపకార్థం అని మూడు మాటలు పెట్టా. ఇంకా ఓపెన్‌గానే ఉంది.