లింకు తెరుచుకోకపోతే తప్పు ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు దగ్గరపడినప్పుడు సంగనకల్లు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "మూడుసార్లు నింపినాం సార్, పంపు అని నొక్కితే మళ్ళీ ఖాళీ ఫారమే వస్తాంది" అన్నారు. సైటు చూసుకునే మేము ఏమన్నామో తెలుసా? "మీ దగ్గర నెట్ సరిగా లేదేమో, బళ్ళారికి రండి" అన్నాం. ఆయన ఒక రోజు కూలి పోగొట్టుకొని పాపను వెంటబెట్టుకొని వచ్చారు. ఇక్కడా అదే ఖాళీ ఫారం. అప్పుడు గానీ మేము సర్వర్ లాగ్ తెరవలేదు.

అందులో అంతా రాసే ఉంది. ఫారం 'పోస్ట్'గా సర్వర్‌కు చేరింది. సర్వర్ 301 అని జవాబిచ్చింది. అంటే ఈ చిరునామా శాశ్వతంగా మారింది, ఫలానా చోటికి వెళ్ళు అని. బ్రౌజర్ అక్కడికి 'గెట్'గా వెళ్ళింది, అంటే నింపిన వివరాలన్నీ వదిలేసి ఉత్త చేతులతో. కాబట్టి ఖాళీ ఫారం వచ్చింది.

కారణం ఒక్క స్లాష్. మన సైటు జాంగోతో కట్టింది. దారులన్నిటికీ చివర స్లాష్ పెట్టాం. ఆ ఫారంలో మాత్రం చిరునామాను చేత్తో, స్లాష్ లేకుండా కొట్టాం. అడిగిన దారి దొరకనప్పుడు జాంగో స్లాష్ కలిపి చూసి, అది దొరికితే అటు మళ్ళిస్తుంది. పేజీ చదవడానికి వచ్చినవారికి అది మేలే. ఫారం పంపినవారికి మాత్రం రాసిందంతా పోతుంది. మా కంప్యూటర్‌లో డీబగ్ పెట్టుకొని పరీక్షించి ఉంటే జాంగో ఇదే తప్పును ఎత్తిచూపి ఆగిపోయేది. తొందరలో నేరుగా అసలు సైటులోనే మార్చాం.

అదే వారం ఊళ్ళ పేజీలదీ తలనొప్పే. లింకులో 'సంగనకల్లు' అని తెలుగులో ఉంటే 404. డేటాబేస్‌లో ఊరు ఉంది, దారీ ఉంది, అయినా దొరకదు. ఆ దారిలో పేరు ఉండే చోట మేము 'స్లగ్' అని రాశాం. జాంగో లెక్కలో స్లగ్ అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే. మన లిపికి అక్కడ చోటు లేదు. దాన్ని 'ఎస్‌టీఆర్' అని మార్చాక ఊరు తెరుచుకుంది. వెంటనే ఊళ్ళ జాబితా పేజీ పోయింది! జాంగో దారులను పైనుంచి కిందికి చూస్తుంది, మొదట కుదిరిన దాన్నే పట్టుకుంటుంది. ఊరి పేరు దారి పైన ఉంది కాబట్టి 'జాబితా' అనేదీ ఒక ఊరే అనుకొని వెతికింది. జాబితా దారిని పైకి జరిపితే సరిపోయింది.

ఇప్పుడు కొందరు సభ్యులు "లింకుల్లో తెలుగు తీసేయండి, పాత సైటు తీసేసి కొత్తది పెట్టండి" అంటున్నారు. లింకు పొడవు గురించి వాళ్ళ బాధ నిజమే. 'సంగనకల్లు' అన్న పేరును వాట్సాప్‌లో పెడితే ఒక్కోసారి శాతం గుర్తులతో 81 అక్షరాల తోకగా మారుతుంది. దానికి మందు ఉంది: ఊరికి ఒక అంకె ఇచ్చి చిన్న లింకు కూడా పెడతాం. పాత లింకులను చంపడానికి మాత్రం మేము ఒప్పుకోం. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే చెప్పారు, మంచి చిరునామా మారకూడదని. మన ఊరి పేరే చూడండి. 2014లో ఇంగ్లీషులో 'బెళ్ళారి' పోయి అధికారికంగా 'బళ్ళారి' అయింది. పాత స్పెల్లింగుతో వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమ్యాన్ చించేశాడా? ఇంటికే తెచ్చిచ్చాడు. సైటూ అలాగే ఉండాలి. చిరునామా మారిస్తే పాత దాని దగ్గర మళ్ళింపు పెట్టి తీరాలి.

మా తరఫున ఇకపై మూడు నియమాలు. లింకులు చేత్తో కొట్టం, దారికి పెట్టిన పేరుతోనే పిలుస్తాం. ఫిర్యాదు వస్తే ముందు లాగ్ చూస్తాం: బ్రౌజర్ ఏ చిరునామా అడిగింది, ఏ దారి దాన్ని పట్టుకుంది, ఆ దారి వెతికిన వివరం డేటాబేస్‌లో ఉందా. దారి లేకపోయినా 404 వస్తుంది, వివరం లేకపోయినా 404 వస్తుంది, రెంటికీ మందు వేరు. మూడోది, ఈ మూడూ చూడకుండా "మీ నెట్ బాగాలేదు" అనే మాట మా నోట రాదు.

ఆ పాప దరఖాస్తు గడువులోపే చేరింది. లాగ్‌లో 301 పడిన మిగతావాళ్ళు ఎవరో మాకు తెలిసే దారి లేదు, వాళ్ళ వివరాలు మా దాకా రానేలేదు. అందుకే గడువు పొడిగించమని కమిటీని అడుగుతున్నాం. ఖాళీ ఫారం చూసి ఊరుకున్నవాళ్ళు మీ వీధిలో ఉంటే దయచేసి మళ్ళీ నింపమని చెప్పండి. ఈసారి పోదు.