వ్యాయామానికి అధికారి ఎవరు?

వేదాంత గ్రంథాలకు ఒక మర్యాద ఉంది. విషయ ప్రతిపాదనకు పూర్వమే ఆ విద్య ఎవరికి ఉద్దిష్టమో అవి నిరూపిస్తాయి. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే అనుబంధ చతుష్టయంలో సదానందుని వేదాంతసారం మొదట ప్రస్తావించేది అధికారినే. బ్రహ్మవిద్యకే ఇంత విచారణ ఆవశ్యకమైతే, అస్థిమాంసమయమైన దేహాన్ని వంచి తలక్రిందులు చేసే విద్యకు అది అనావశ్యకమా? నేటి నగరాలలో అనేక యోగశిక్షణ కేంద్రాలలోనూ, జిమ్‌లలోనూ నూతనంగా వచ్చినవారిని అడిగేది పేరు, ఫోను నంబరు, నెల రుసుము. మరునాటి ప్రభాతానికే ఏబది దాటిన గృహస్థు, ఇరవై ఏళ్ల విద్యార్థి పక్కపక్కన నిలిచి సమసంఖ్యలో సూర్యనమస్కారాలు చేస్తూ ఉంటారు.

ప్రాచీనుల పద్ధతి ఇది కాదు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయం రోగిని దశవిధాలుగా పరీక్షించమంటుంది: ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వ్యాయామశక్తిని ఆకారాన్ని బట్టి కాక, మనిషి పనిచేయగల సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించమనడం ఇందులో విశేషం. సత్త్వాన్ని, అనగా మనోబలాన్ని, ప్రవర, మధ్యమ, అవర భేదాలతో విడిగా చూడమనడం మరింత విశేషం. దేహం, మనస్సు ఒకే పట్టికలో చేరాయి. ఇక సుశ్రుతుడు వ్యాయామాన్ని బలంలో అర్ధభాగానికే పరిమితం చేశాడు. శ్వాసకాసలతో బాధపడేవారికి, కృశించినవారికి, అప్పుడే భుజించినవారికి నిషేధించాడు. అర్ధబలం అన్నమాటను నేటి శిక్షకులు తరచుగా ఉదాహరిస్తారు. పూర్ణబలం ఎంతో విచారించనివాడు అందులో సగాన్ని ఎలా నిర్ణయిస్తాడు?

“ఆరోగ్యం బాగానే ఉంది కదండీ?” అని ఒక్క ప్రశ్నతో ముగించేవారూ ఉన్నారు. “ఆ, బాగానే ఉందండీ” అంటాడు గృహస్థు. అది అసత్యం కాదు. రెండవ అంతస్తు మెట్లపై ఆగి ఊపిరి తీసుకోవడం ఆయనకు అలవాటైపోయింది; ఉదయం వేసుకునే బి.పి. మాత్ర ఆయన దృష్టిలో రోగచిహ్నమే కాదు. సామాన్య ప్రశ్నకు సామాన్య సమాధానమే లభిస్తుంది. 1970ల దశకంలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో రూపొందిన పార్‌క్యూ ప్రశ్నావళి ఈ లోపాన్ని గుర్తించింది. నేటి రూపంలో దానికి 7 ప్రాథమిక ప్రశ్నలు ఉన్నాయి. హృద్రోగం గాని, అధిక రక్తపోటు గాని ఉన్నదని వైద్యుడు చెప్పాడా, ఛాతీలో నొప్పి వస్తుందా, గడచిన 12 నెలలలో కళ్లు తిరిగి తూలడం, స్పృహ తప్పడం జరిగిందా, దీర్ఘరోగానికి మందులు వాడుతున్నారా, ఎముకలలో, కీళ్లలో బాధ ఉన్నదా, ఇలా ప్రతిదీ విశేష ప్రశ్నే.

మందుల ప్రశ్న అతిముఖ్యం. బీటా బ్లాకర్ వాడేవారి నాడివేగం శ్రమకు తగినంతగా పెరగదు. నాడిని పట్టి శ్రమను లెక్కించే శిక్షకుడు భ్రాంతి పొందుతాడు. ఇన్సులిన్ తీసుకొనేవారు పరగడుపున తీవ్రంగా శ్రమిస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. గ్లాకోమా ఉన్నవారికి శీర్షాసనం కంటిలోని పీడనాన్ని పెంచుతుంది. యోగం సర్వరోగహరమన్న ప్రచారంలో మునిగినవారికి ఈ మాటలు రుచించవు.

ఇన్ని ప్రశ్నలు వేస్తే వచ్చినవారు వెనుదిరుగుతారన్న ఆక్షేపం నిర్హేతుకం కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సైతం 2015లో తన విధానాన్ని సడలించింది. ప్రస్తుతం వ్యాయామం చేస్తున్నారా, హృదయ, మూత్రపిండ, జీవక్రియా రోగాలు గాని వాటి లక్షణాలు గాని ఉన్నాయా, ఎంత తీవ్రతతో చేయదలిచారు అన్నవాటికే ప్రాధాన్యమిచ్చింది. అనవసరంగా అందరినీ వైద్యుని వద్దకు పంపడమూ వ్యాయామానికి విఘ్నమే కదా. అధికార నిరూపణ బహిష్కారం కాదు. ఎవరికి ఏది తగునో తెలుసుకొనడం.

ప్రయోజన విచారణ ఇంతకంటే సూక్ష్మం. గీత ఏడవ అధ్యాయంలో ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని భజించేవారిలో నాలుగు తెగలు ఉన్నాయి. వైద్యుని హెచ్చరికకు భయపడి వచ్చినవాడు ఆర్తుడు. రిపోర్టు బాగుపడగానే మానివేసే అవకాశం ఎక్కువ. కుమార్తె వివాహంలోగా పది కిలోలు తగ్గదలిచినవాడు అర్థార్థి. తొందరలో మోకాలు చెడగొట్టుకొనేది అతడే. కొడుకు బలవంతం మీద వచ్చినవాడు ఈ నాలుగు తెగలలో దేనికీ చెందడు, బహుశా అతనితోనే ఎక్కువసేపు మాట్లాడవలసి ఉంటుంది. అయితే భగవానుడు ఆ నలుగురినీ ఉదారులనే అన్నాడు. మందమైన ముముక్షుత్వం సైతం గురుప్రసాదంతో వృద్ధి చెందుతుందని వివేకచూడామణి అంగీకరిస్తుంది. కనుక “ఎందుకు వచ్చారు?” అన్న ప్రశ్న తిరస్కారానికి కాదు. దానికి తోడు “ఇంతకు పూర్వం మొదలుపెట్టి మానివేశారా, ఎందుచేత?” అని అడిగితే అసలు సంగతి వెలువడుతుంది.

ఇవన్నీ ఏకాంతంలో అడగవలసినవి. పదిమంది చాపలు పరచుకొని చూస్తుండగా ఏ స్త్రీ తన గర్భాన్ని గురించి గాని, శస్త్రచికిత్సను గురించి గాని చెబుతుంది? మెట్లు ఎక్కితే ఛాతీ బిగుసుకుంటుందని ఆ గృహస్థు చెప్పిననాడు ఆయన చేత ఆసనం వేయించనక్కరలేదు, రుసుమూ తీసుకోనక్కరలేదు. ఆనాడే వైద్యుని వద్దకు పంపి, తిరిగి వచ్చేవరకు ఆయన స్థానాన్ని ఖాళీగా ఉంచితే చాలు.