అబ్బా కారుకి ‘లాంగ్ గేర్’ వేయించమనే జనాబ్‌లకు



మన ఇళ్ళలో ఇంకా అక్కడక్కడ ఒక అంబాసిడర్ నిలబడి ఉంది. అబ్బాదో, దాదాదో. ఉత్తర్‌పాడాలో 2014 మేలో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇక కొత్తది రాదు. ఉన్నదాన్ని అమ్మడానికి మనసొప్పదు. షాదీకో వలీమాకో హైదరాబాద్ వెళ్ళాల్సి వస్తే మాత్రం హైవే మీద ఇంజన్ అరుపుకి అమ్మీ చెవులు మూసుకుంటుంది. అప్పుడు బిరాదరీలో ఎవరో ఒక జనాబ్ మష్వరా ఇస్తాడు: “క్రౌన్ మార్పించు భాయ్, లాంగ్ గేర్ వేయించు. కార్ పరుగెత్తుతుంది, ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది.”

ఆ మష్వరా తప్పు. తజ్రబాతో చెప్తున్నా, డబ్బు పోగొట్టుకుని మరీ.

ముందు హిసాబ్ చూడండి. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి, తక్సీమ్ అంటే నాకు ఇప్పటికీ ఉర్దూలోనే వస్తుంది. మా బండి డిఫరెన్షియల్‌లో క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 9. ఇకతాలీస్ బటా నౌ, అంటే 4.55. టాప్ గేరులో ఇంజన్ 4.55 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి ఒక చుట్టు తోసి కొలిస్తే దాదాపు 2 మీటర్లు. గంటకి 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, చక్రం 667 చుట్లు, ఇంజన్ 3,030. పాత 1,489 సీసీ ఇంజన్‌లో పిస్టన్ ప్రయాణం 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్ వెడల్పు 73 మాత్రమే. పొడుగు స్ట్రోక్. క్రాంక్‌ని మోసేవి మూడే బేరింగులు. గంటలకొద్దీ 3,000 పైన తిప్పితే అది అరవక ఏం చేస్తుంది పాపం!

ఇంతవరకు జనాబ్ చెప్పింది నిజమే. 43 పళ్ళ క్రౌన్, 11 పళ్ళ పినియన్ వేస్తే 3.9 అవుతుంది, అదే 80కి ఇంజన్ 2,600 చాలు. ఇంగ్లండ్‌లో ఇదే ఖాందాన్ ఇంజన్ పెట్టుకున్న ఎంజీబీకి వేసింది ఈ 3.9నే. కానీ అది 1,798 సీసీ, ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు. మనది అమ్మీ, ఖాలా, పిల్లలు, డేగ్షాలో బిర్యానీ, డిక్కీలో మూడు సూట్‌కేసులు.

నేనూ ఆ మాటల్లో పడ్డాను. అబ్బా మర్హూమ్ అయిన ఏడాది, ఊరి బయట ఒక వర్క్‌షాప్‌లో 3.9 వేయించాను. ఎక్కడినుంచి తెచ్చారో అడగలేదు, అది నా గల్తీ. మొదటి వారం మాషాఅల్లాహ్ అనుకున్నాను, ఒంటరిగా గన్నవరం దాకా వెళ్ళొస్తే ఎంత నిశ్శబ్దం! ఈద్ తర్వాతి ఆదివారం అందర్నీ ఎక్కించుకుని కొండపల్లి ఖిల్లాకి బయల్దేరాం. ఘాట్ రోడ్డు మలుపులో ఒక బస్సు కోసం ఆగాను. మళ్ళీ కదిలించేసరికి క్లచ్ కాలిన వాసన. వెనక సీట్లో ఖాలా దువా చదవడం మొదలుపెట్టింది. ప్లేట్ అక్కడే సగం పోయింది.

కారణం సీదా ఉంది. క్రౌన్ మారిస్తే మారేది టాప్ గేరు ఒక్కటే కాదు, ఫస్ట్ గేరూ, రివర్సూ మారతాయి. 4.55 నుంచి 3.9కి వెళ్తే ప్రతి గేరులో చక్రం దగ్గర లాగే తాకత్ ఏడింట ఒక వంతు పోతుంది. హైవే కోసం చేసిన పనికి కొండ మీద క్లచ్ కట్టిన జుర్మానా అది.

డెల్టా అంతా చదునే కదా, మచిలీపట్నం రోడ్డు మీద కొండలెక్కడివి అంటారు కొందరు. బందరు వైపు ఎదురుగాలి వీచే రోజున వెళ్ళి చూడండి. బండి నిండా జనం ఉంటే నాలుగో గేరు మోయలేదు, ఇంజన్ గుద్దుకుంటుంది, మూడుకి దిగాలి. మూడులోకి దిగితే ఇంజన్ వెనకటికంటే ఎక్కువ తిరుగుతుంది. నిశ్శబ్దం కోసం డబ్బు పోసి శోర్ కొనుక్కున్నట్టయింది.

అంతకంటే ఖతర్నాక్ సంగతి వేరే ఉంది, దాన్ని నాకు ఎవరూ చెప్పలేదు. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ వెనక నుంచి వస్తుంది. దానికి క్రౌన్ మారిందని తెలియదు. ముల్లు 80 చూపిస్తుంటే బండి 93లో పోతుంది. బ్రేకులు ఆపాల్సిన జోరు మూడో వంతు పైనే పెరిగింది, బ్రేకులేమో అబ్బా కాలం నాటి డ్రమ్ములే. నా భాంజా ఆ బండి నడుపుతూ “మామూ, ఎనభై దాటలేదు, కసమ్” అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ముల్లు చెప్పింది.

చివరికి ఆటోనగర్‌లో అబ్బా దోస్త్ ఒకాయన దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటిన ఉస్తాద్. ఒక వెనక చక్రాన్ని జాక్ మీద లేపి, మిగతా చక్రాలకి రాళ్ళు పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, ఆ చక్రాన్ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాడు. కింద షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో మేనల్లుడితో లెక్కపెట్టించాడు. నాలుగుకి కొంచెం తక్కువ. “తీన్ పాయింట్ నౌ. ఎవరు చెప్పారు బేటా నీకు?” అన్నాడు. హౌసింగ్ విప్పలేదు, బోల్ట్ ముట్టుకోలేదు.

ఇక్కడ నాకు కోపం వస్తుంది, మన్నించండి. మన షరీఫ్ ఖాందాన్‌లలో పిల్లవాడు లెక్కల్లో తప్పితే “ఆటోనగర్‌లో పడేస్తా” అని బెదిరిస్తాం. బయటివాళ్ళు మనల్ని ‘పంక్చర్‌వాలా’ అని వెక్కిరిస్తే నొచ్చుకుంటాం, ఇంట్లో మనమూ అదే మాట వేరే లఫ్జ్‌లలో అంటాం. డిగ్రీ చదివిన నేను వీడియో చూసి మోసపోయాను. బడి దాటని ఆయన చేత్తో భాగహారం చేసి చూపించాడు. ఆ హునర్‌కి ఖద్ర్ ఇవ్వని బిరాదరీ, ఆయన తర్వాత ఈ పని ఎవరు చేస్తారని అడిగే హఖ్ ఎక్కడ తెచ్చుకుంటుంది?

ఉస్తాద్ పాత 41-9 మళ్ళీ వేశాడు. మరి సుకూన్ మాటేమిటి అంటే, దారులు రెండే.

హైవే మీద తరచూ తిరిగేవాళ్ళైతే కంపెనీ తానే 1990లలో చేసిన పని చూడండి. ఇసుజు 1,817 సీసీ ఇంజన్, దానితో ఐదు గేర్ల బాక్స్ కలిపి అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ తెచ్చింది. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్. నిష్పత్తి 0.85 అనుకుంటే అదే 4.55 క్రౌన్‌తో 80కి ఇంజన్ 2,580 చాలు, ఫస్ట్ గేరు మాత్రం కొండకి కావలసినంత పొట్టిగానే ఉంటుంది. మార్చాలంటే ఇంజన్, బాక్స్ జంటగా మార్చండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కాబట్టి ఇజాజత్ తీసుకుని ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించండి. ఎక్కించని బండికి యాక్సిడెంట్ అయితే బీమావాళ్ళు ఏ తిరకాసు పెడతారో నేను చెప్పక్కర్లేదు. పద్మిని ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట, 1,089 సీసీకి పొడుగు క్రౌన్ అసలే బరువు.

రెండో దారి నాది. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 270 కిలోమీటర్లు. సగటున 80లో అయితే మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. 65లో అయితే నాలుగు గంటల పది నిమిషాలు. తేడా ముప్పావు గంట. 65 దగ్గర నా ఇంజన్ 2,460 తిరుగుతుంది, ఒక్క నట్టూ మార్చకుండా. పక్కనుంచి పెద్ద బండ్లు హారన్ కొట్టుకుంటూ పోతాయి, పోనివ్వండి, ఎడమ లేన్ మనదే. వలీమా హాల్ ముందు ముందుగా దిగామన్న దిఖావా కోసం అబ్బా అమానత్‌ని ఎందుకు చీల్చాలి?

కాదనేవాళ్ళు వాదనకి రండి, స్వాగతం. వచ్చేముందు ఒక వెనక చక్రం లేపి, రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ లెక్క రాసుకుని రండి. మేం వచ్చే జుమేరాత్ ఫజర్ చదివి బయల్దేరుతున్నాం, సూర్యాపేటలో చాయ్. ఈసారి అమ్మీ ముందు సీట్లో కూర్చుంటానంది.