ముట్టు వచ్చుడు వేరు, అండం వచ్చుడు వేరు

వరంగల్, కరీంనగర్, నల్లగొండ.. ఏ టౌనుకు పోయినా బస్టాండు బయట పెద్ద బోర్డు ఇప్పుడు ఫర్టిలిటీ సెంటర్‌దే. బోసినవ్వుల పసిపిల్ల బొమ్మ, కింద కిస్తుల మీద ఐవీఎఫ్. ఆ బోర్డును తిట్టుడు అల్కటి పని. నా పంచాయితీ బోర్డుతోని కాదు. దాని దాక పోకముందే ఆడిమనిషికి అందాల్సిన మొదటి వైద్యం సర్కారు దవాఖానల ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

నేను డాక్టర్ను కాదు, పది దాటి చదువుకోలే. కానీ మహిళా సంఘాల మీటింగులకు తిరుగుకుంట, అక్కచెల్లెండ్లు తెచ్చి చూపిచ్చే ఫైళ్లు చదివి చదివి మందుల పేర్లు నోటికొచ్చినయి. మొన్న ఒక చెల్లె సంచి విప్పింది. పెండ్లయి ఆరేండ్లు. అండ్ల ఊరి ఆర్‌ఎంపి ఇచ్చిన ముట్టు గోలీల చీటీలు రెండేండ్లయి. టౌన్ల ఒక ప్రైవేటు దవాఖానల రాసిన క్లోమిఫీన్ గోలీలు పదకొండు నెలలయి. ఆ పదకొండు నెలలల్ల స్కానింగు రెండే సార్లు. మొగనికి ఒక్క పరీక్ష లేదు. ఇప్పుడు ఇంకో కాడ ఐవీఎఫ్‌కు రెండు లక్షలు అడుగుతున్నరట. సంఘం లోను ఎంతొస్తది, పుస్తెలతాడు కుదువ పెడితె ఎంతొస్తది అని లెక్కలేసుకుంటున్నది.

ముందు ఆ ముట్టు గోలీల సంగతి. అది ప్రొజెస్టిరాన్ రకం హార్మోను. కొన్ని రోజులు మింగి ఆపితె గర్భసంచి పొర రాలి రక్తం పడుతది. గంతే. నెలల తరబడి ముట్టు రానోళ్లకు ఆ పొర మందం కాకుండ చూసేతందుకు అది పనికొచ్చే మందే. కానీ దానితోని అండం విడుదల కాదు. ముట్టయింది కాబట్టి వైద్యం పని చేస్తున్నదని మనిషి అనుకుంటది, అత్త అనుకుంటది, ఒక్కోపారి ఇచ్చినాయన కూడా అనుకుంటడు. గట్ల రెండేండ్లు పోతయి. పిల్లల కోసం తిరిగే ఆమెకు రెండేండ్లంటె ఎంత విలువైనయో వేరే చెప్పాల్నా?

అండం విడుదల చేపిచ్చే మందులు వేరే ఉన్నయి. అవి పని చేసే తీరు ఊరోళ్లకు చెరువు తూముతోని చెప్తే టక్కున అర్థమైతది. మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటది, అది మన నీరటి అనుకోండ్రి. పొలంల నీళ్లు ఎన్నున్నయో చూసుకుంట తూము ఎత్తుడు దించుడు దాని పని. పొలంల నీళ్లంటె ఈస్ట్రోజెన్, తూములకెళ్లి వచ్చేది ఎఫ్‌ఎస్‌హెచ్. క్లోమిఫీన్ గోలీ నీరటి కండ్లకు గంతలు కడుతది, నీళ్లున్నా కనవడయి, తూము ఎత్తుతడు. లెట్రోజోల్ గోలీ కొన్ని రోజులు ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తది, పొలం ఎండుతున్నదని తూము ఎత్తుతడు. ఎట్లయినా ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగి అండం ఎదుగుతది. ముట్టు మొదలైన రెండో రోజుకు అయిదో రోజుకు నడుమ మొదలుపెట్టి అయిదు రోజులు మింగుడు, తర్వాత స్కానింగుల అండం ఎంత పెరిగిందో చూసుడు. అయిదు రోజుల గోలీల ఖర్చు ఒకనాటి కూలి దాటది.

ఈ లెట్రోజోల్ కథ కూడా ఎరుకుండాలె. ఇది రొమ్ము క్యాన్సర్ మందు. డబ్బల కాగితం మీద అదే రాసుంటది. ఫోన్ల చూసి ‘నాకు క్యాన్సర్ గోలీలు ఇచ్చిండ్రు’ అని ఏడ్సినోళ్లను చూసిన. 2011ల మన కేంద్ర ప్రభుత్వం పిల్లల కోసం దీన్ని వాడొద్దని నిషేధం పెట్టింది, కొన్నేండ్లకు ఎత్తేసింది. 2014ల అమెరికాల పీసీఓఎస్ ఉన్న 750 మంది ఆడోళ్ల మీద చేసిన పెద్ద పరీక్షల లెట్రోజోల్ తీసుకున్నోళ్లల్ల 27.5 శాతం మందికి పిల్లలు పుట్టిండ్రు, క్లోమిఫీన్ తీసుకున్నోళ్లల్ల 19.1 శాతం మందికి. ఇయ్యాల పీసీఓఎస్‌ల, అదే మనోళ్లు పీసీఓడీ అంటరు గదా, అండ్ల అండం కోసం మొదలు ఇచ్చే మందు ఇదే. రాసిచ్చే డాక్టరు ఈ ముచ్చట రెండు నిమిషాలు కూసొని చెప్తే ఆ ఏడ్పు ఉండకపోవు.

చౌక గోలీ అని ఇష్టమొచ్చినన్ని నెలలు మింగేది కూడా కాదు. క్లోమిఫీన్ సుమారు ఆరు నెలలు దాటి ఇయ్యొద్దంటరు. స్కానింగు లేకుంటె అండం పెరిగిందో లేదో, ఒకటి పెరిగిందో మూడు పెరిగినయో తెల్వది. కవలలు అయ్యే అవకాశం మామూలు కంటె ఎక్కువ. ఇగ థైరాయిడ్ తేడా ఉన్నా, పాల హార్మోను ప్రొలాక్టిన్ పెరిగినా అండం ఆగుతది. వాటికి వేరే గోలీలున్నయి, చానామందికి అవి వేసుకుంటెనే ముట్టు, అండం సక్కగయితయి. ఆ రెండు రక్త పరీక్షలు చేయకుండనే క్లోమిఫీన్ రాసుడంటె మోటరు కాలిందో కరెంటు లేదో చూడకుండ బోరు ఇంకో వంద ఫీట్లు దించినట్టు.

గోలీలకు లొంగకుంటె సూదులు. ఎఫ్‌ఎస్‌హెచ్‌నే నేరుగ ఎక్కిస్తరు. హెచ్‌ఎంజీ అనే రకం ముట్లుడిగిన ఆడోళ్ల మూత్రంల నుంచి తీస్తరు, ఇది చెప్తే మా సంఘంల ఎవ్వరు నమ్మలే. సూదులు బలమైనయి, కాబట్టి ప్రమాదం కూడా పెద్దది. అండాశయాలు ఉబ్బి కడుపుల నీరు చేరొచ్చు. సూదుల తర్వాత కడుపు ఉబ్బరం, ఆగని వాంతులు, దమ్ము ఆడకపోవుడు, మూత్రం తగ్గుడు ఉంటె తెల్లారెదాక ఆగొద్దు, అప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె. ఆలస్యమైతె ప్రాణం మీదికొస్తది. ఈ మాట సూది ఇచ్చేనాడే చెప్పాలె. ఫైళ్లల్ల సంతకం పెట్టిచ్చుకున్న ఇంగ్లిషు కాగితం ఉంటది, చెప్పిన జాడ ఉండది.

2021ల ఏఆర్‌టీ చట్టం వచ్చింది గదా అంటరు. అది శరీరం బయట అండాన్నో, వీర్యాన్నో పట్టి చేసే వైద్యానికి. ఐవీఎఫ్ సెంటర్లు, బ్యాంకులు రిజిస్టర్ కావాల్నంటది, మంచిదే. ఉత్త గోలీలు రాసి ఇంటికి పంపుడు దాని కిందికి రాదు. సర్కారు 2023ల గాంధీ దవాఖానల ఐవీఎఫ్ సెంటర్ తెరిచింది. అది కూడా అవసరమే. కానీ అది ఆఖరి మెట్టు, అదీ పట్నంల. ములుగుల, ఆసిఫాబాద్‌ల ఉన్న ఆమెకు మొదటి మెట్టు ఏది? జిల్లా దవాఖానల గైనిక్ డాక్టర్ ఉన్నది. రక్త పరీక్షలకు తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఉన్నది. గర్భిణుల కోసం 2022ల టిఫా స్కానింగ్ మిషన్లు పెట్టిండ్రు. క్లోమిఫీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలనే ఉన్నది. కాన్పుల లైన్ల, కుటుంబ నియంత్రణ లైన్ల పిలుస్తరు, ‘నాకు కడుపొస్తలేదు’ అనేటామె నిలబడనీకి మాత్రం లైనే లేదు. పిల్లలు ఎక్కువైండ్రని ఇన్నేండ్లు లెక్కలు రాసుకున్న శాఖకు పిల్లలు లేనోళ్లు రోగుల లెక్క కనవడరు. ప్రపంచంల ఆరుగురిల ఒకరికి జీవితంల ఎప్పుడన్న ఈ బాధ ఉంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లనే చెప్పింది.

ఇగ మొగోల్ల సంగతి. పిల్లలు కాని జంటలల్ల దాదాపు సగం మందికి మొగోని దిక్కు కూడా ఏదో ఒక కారణం ఉంటది. వీర్య పరీక్ష చిన్నది, సూది గుచ్చేది లేదు, కోత లేదు. అయినా ఆమె రక్తం పదిసార్లు తీసినంక, ఆమె కడుపుల పైపు పెట్టి చూసినంక, అప్పుడు ‘ఆయనను కూడా ఒకపారి తీస్కరాండ్రి’ అంటరు. ఈయన రాడు. వాళ్లమ్మ రానియ్యది. గొడ్రాలనే మాట ఉన్నది, మొగోనికి గసొంటి తిట్టు మన నోట్ల లేనే లేదు. మొగోనిల లోపం ఉంటె ఆడామె ఎన్ని క్లోమిఫీన్లు మింగి ఏం ఫాయిదా?

మా సంఘాలోళ్లం జిల్లా దవాఖాన డెవలప్‌మెంట్ సొసైటీకి ఇచ్చేతందుకు ఒక దరఖాస్తు రాసినం. వారానికి ఒక్క పూట పిల్లలు కానోళ్ల ఓపీ పెట్టాలె. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసినంకనే గోలీలు మొదలుపెట్టాలె. లెట్రోజోల్, క్లోమిఫీన్ దవాఖాన ఫార్మసీలనే ఇయ్యాలె. గోలీలేసిన ప్రతి నెల స్కానింగు తారీకు చీటీ మీదనే రాసియ్యాలె. ఆరు నెలలకు ఫలితం లేకుంటె ఎవరికి పంపాల్నో పేరు రాసి పంపాలె. మొదటి రోజు మొగడు పెండ్లాలు ఇద్దరు వస్తెనే ఓపీ చీటీ ఇయ్యాలన్నది మా అక్కలు పట్టుబట్టి అన్నిటికన్న పైన రాపిచ్చిండ్రు. మొగడు రానన్న ఆడామెను వాపస్ పంపుతరేమో అని నేను అడ్డం చెప్పిన. రెండు మీటింగులు దాని మీదనే కొట్లాడుకున్నం. ఆఖరికి ‘ఆమెకు చీటీ ఇయ్యాలె, ఆయన పరీక్ష కాంగనే ఆమె గోలీలు మొదలుపెట్టాలె’ అని మార్చినం. వచ్చే సోమవారం ప్రజావాణిల ఇస్తున్నం.