చీరను గుమ్మంలోకి ఎందుకు తీసుకుపోతారు?

పిల్లలూ, మీరు అమ్మతోనో, నాయనమ్మతోనో బట్టల కొట్టుకు వెళ్ళే వుంటారు. అక్కడ ఒక తమాషా గమనించారా? కొట్టునిండా దీపాలు వెలుగుతూ వుంటాయి. గుమాస్తా పాతిక చీరలు విప్పి కుప్పపోస్తాడు. చివరకు ఒక చీర నచ్చుతుంది. ఇక బేరం తెమిలిందనుకుంటాం. కాని అమ్మ ఆ చీర తీసుకుని వీధి గుమ్మం దాకా వెళుతుంది. పగటి వెలుతురులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "లోపల కనిపించిన రంగు ఇది కాదే!" అంటుంది.

లోపల అన్ని దీపాలుండగా గుమ్మం దాకా పోవడం దేనికి? ఇది చాదస్తం కాదు. ఎందుకు కాదో చెబుతాను.

నా చిన్నతనంలో మా పెద్దమ్మ తన కూతురి పెళ్ళికి వంకాయరంగు పట్టుచీర ఒకటి కొన్నది. దాని మీదికి రవికె గుడ్డ వేరే తానులోనుంచి కోయించింది. కొన్నది రాత్రిపూట. కొట్లో ట్యూబులైట్లు పట్టపగలులాగా వెలుగుతున్నాయి. చీరా, గుడ్డా పక్కపక్కన పెట్టి నలుగురూ చూశారు. రెండూ ఒకటే రంగని అందరూ ఒప్పుకున్నారు. తెల్లవారి వాకిట్లో విప్పి చూస్తే చీర నీలంవైపు, రవికె ఎరుపువైపు తిరిగి వున్నాయి! పెళ్ళి నాలుగు రోజుల్లో వుంది.

పెద్దమ్మ మండిపడుతూ కొట్టుకు వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. కొట్టాయన రెండింటినీ లైటు కింద పరిచాడు. ఆశ్చర్యం! మళ్ళీ రెండూ ఒకటే రంగు. పెద్దమ్మ నోట మాట రాలేదు. ఇంతలో ఆమెకు ఏమి తోచిందో, రెండూ తీసుకుని గుమ్మంలోకి నడిచింది. అక్కడ మళ్ళీ రంగులు విడిపోయాయి. ఈసారి నోట మాట రానిది కొట్టాయనకు. ఎన్నో ఏళ్ళుగా బట్టలు అమ్ముతున్నవాడికి కూడా ఆ సంగతి అంత స్పష్టంగా అదివరకు తెలియదు. ఆయన మోసం చేయలేదు. మోసం చేసింది దీపం.

దీపం ఎలా మోసం చేస్తుంది? 1666 ప్రాంతంలో న్యూటన్ అనే శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపి, ఆ తెల్లటి కాంతిలో ఇంద్రధనుస్సు రంగులన్నీ వున్నాయని చూపించాడు. ఎర్రని గుడ్డ ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? తనమీద పడిన కాంతిలోని ఎరుపును తిప్పి పంపి, తక్కిన రంగులను చాలావరకు మింగేస్తుంది గనక. మరి పడే కాంతిలోనే ఎరుపు తక్కువైతే ఆ గుడ్డ ఎక్కణ్ణుంచి తెచ్చి పంపుతుంది? ఆ నాటి ట్యూబులైట్ల కాంతిలో ముదురు ఎరుపు తక్కువ. రవికెలో దాగివున్న ఎరుపు రాత్రి బయటపడలేదు. సూర్యుడు వచ్చి దాన్ని బయటపెట్టాడు.

ఈనాడు కొట్లలో ఎక్కువగా ఎల్.ఇ.డి. దీపాలు వాడుతున్నారు. వీటిలో వుండే చిన్న పలుకు ఇచ్చేది నీలి కాంతి. దానిమీద పసుపుపచ్చని పూత వుంటుంది. ఆ పూత నీలికాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా తోస్తాయి. నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు జపానులో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ దీపాలు ఎంతో మేలు చేశాయి. అయినా చవకరకం వాటిలో ముదురు ఎరుపు కొంచెం తక్కువే. అందుచేత దీపం రంగులను ఎంత నమ్మకంగా చూపుతుందో తెలపడానికి ఒక అంకె పెట్టుకున్నారు. అన్నిటికన్న పెద్ద అంకె 100. మామూలు ఎల్.ఇ.డి.కి 80 వుంటుంది. రంగులు చూసి కొనే చోట 90కి తగ్గకుండా వుండాలి. మంచి దీపాల అట్టపెట్టె మీద ఈ అంకె వేస్తారు.

సరే, ఇప్పుడు మనమే ఒక బట్టల కొట్టుకు దీపాలు అమర్చుదాం. కొట్టు పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు అనుకోండి. దీపాలు కొనడానికి బజారుకు పరిగెత్తకండి. మొదట కొట్లో కూచుని, ఎక్కడ ఎవరి కన్ను ఏ పని చేస్తుందో చూడాలి. గుమ్మం దగ్గర కన్ను లోపలికి తొంగిచూస్తుంది. గోడల వెంట అరల్లో రంగులు వెతుకుతుంది. బట్టలు విప్పే బల్ల దగ్గర నేత, అంచు, రంగు పరీక్షిస్తుంది. అద్దం దగ్గర తనను తాను చూసుకుంటుంది. గల్లాపెట్టె దగ్గర బిల్లు చదివి, చిల్లర లెక్కపెడుతుంది. ఇన్ని పనులకు ఒకే రకం వెలుతురు సరిపోతుందా?

తరవాత, ఎంత వెలుతురు కావాలి? దీపం బయటికి పంపే వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు చోటు మీద ఒక ల్యూమెన్ పడితే దాన్ని ఒక లక్స్ అంటారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్స్ మాత్రమే! ఇంత తేడా వున్నా మనకు రెండిటిలోనూ దారి కనిపిస్తుంది. మన కన్ను అంత గొప్పది. కొట్టులో మొత్తం మీద 300 లక్స్, బిల్లు రాసేచోట 500 లక్స్ వుంటే బాగుంటుందని యూరపు దేశాల నిబంధనలు చెబుతాయి.

మన కొట్టు 30 చదరపు మీటర్లు. 300 చొప్పున 9,000 ల్యూమెన్లు కావాలి. కాని దీపం పంపినదంతా మనకు అందదు. కొంత కప్పూ, గోడలూ మింగుతాయి. నూటికి 60 వంతులు అందుతాయనుకుందాం. దుమ్ము పడీ, దీపం పాతబడీ ఆ అందేదాంట్లోనూ కొన్నాళ్ళకు నూటికి 80 వంతులే మిగులుతుంది. లెక్క వేసి చూడండి: 9,000ను 0.6తోనూ, 0.8తోనూ భాగిస్తే 18,750 వస్తుంది. 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే పది ట్యూబులు చాలు.

అదే కొట్టుకు ముదురురంగు వేసి, కప్పు నల్లబడనిచ్చామనుకోండి. నూటికి 40 వంతులే అందుతాయి. అప్పుడు పదిహేను ట్యూబులు కావాలి. గోడకు కొట్టిన తెల్ల సున్నం అయిదు ట్యూబుల పని చేస్తున్నదన్నమాట! కరెంటు సంగతి కూడా చూడండి. పది ట్యూబులు పది గంటలు వెలిగితే 2 యూనిట్లు ఖర్చు. పూర్వపు 100 వాట్ల బల్బులతో అదే వెలుతురు కావాలంటే 14 బల్బులు పెట్టాలి. 14 యూనిట్లు కాలుతుంది. పైగా కొట్టంతా ఉడికిపోతుంది.

ఇక దీపం ఎక్కడ పెట్టాలి? చాలామంది కప్పు మధ్యగా వరసగా బిగించేసి వూరుకుంటారు. అప్పుడు నేల బ్రహ్మాండంగా వెలుగుతుంది. కాని నేలను కొనడానికి ఎవరు వస్తారు? బట్టలున్నది అరల్లో. అరలు నిలువుగా వుంటాయి. నెత్తిమీది దీపం కింది అరకు సరిగా అందదు. అందుచేత మన పది ట్యూబుల్లో కొన్నిటిని అరలకు కాస్త ఎడంగా, అరలవైపు వంచి పెట్టాలి. దీనివల్ల ఇంకొక లాభం వుంది. ఎండలోనుంచి వచ్చిన మనిషికి 300 లక్స్ కొట్టు మొదట చీకటి గుహలాగా తోస్తుంది. అతని కన్ను మొదట చూసేది ఎదటి గోడను. ఆ గోడ వెలుగుతూ వుంటే కొట్టంతా వెలుతురుగా వున్నట్టే అతనికి అనిపిస్తుంది. వెలుతురు ఎంత వుందో కన్ను నేలను చూసి కాక, గోడలను చూసి చెబుతుంది.

దీపం కంటికి ఎదురుగా వుండకూడదు. బస్సు దీపాలు కంట్లో పడితే రోడ్డు కనిపించదు గదా! ఇదీ అంతే. దీపం ఎక్కువైనకొద్దీ కంటిపాప కుంచించుకుపోతుంది. వస్తువు ఇంకా చీకటిగా కనిపిస్తుంది. కనక దీపానికి మూకుడు తొడగాలి. మనకు వెలుతురు కనిపించాలిగాని, దీపం కనిపించనక్కరలేదు.

బట్టలు విప్పే బల్ల మీద మాత్రం మంచిరకం దీపం ఒకటి విడిగా, కిందికి వేలాడగట్టాలి. చిన్న దీపానికి దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగోవంతే అవుతుంది. అందుచేత దగ్గరికి దించిన చిన్న దీపం, కప్పు మీది పెద్దదీపం చేసే పని చేస్తుంది. అద్దం దగ్గర దీపాలను నెత్తిమీద పెట్టకుండా రెండు పక్కలా పెట్టాలి. పైనుంచి పడే వెలుతురులో కళ్ళకింద నీడలు పడి, పెళ్ళికూతురు కూడా జబ్బుమనిషిలా కనిపిస్తుంది!

రిచర్డ్ కెల్లీ అనే అమెరికావాడు జీవితమంతా ఈ పనే చేశాడు. న్యూయార్కులో 1959లో తెరిచిన ఫోర్ సీజన్స్ అనే పెద్ద భోజనశాలకు దీపాలు కూర్చినది ఆయనే. మంచి అమరికలో వెలుతురు మూడు రకాలుగా వుండాలని ఆయన 1952లో చెప్పాడు. ఒకటి, అంతటా సమంగా పరుచుకునేది. ఇది మబ్బు పట్టిన ఉదయం లాంటిది. రెండోది, ఒకచోట పడి "ఇటు చూడు" అని పిలిచేది. రాత్రి చదువుకునే పుస్తకం మీది లాంతరు వెలుతురు ఇలాంటిది. మూడోది, తళతళ మెరిసి మనసుకు ఉల్లాసం కలిగించేది. చెరువు అలల మీది ఎండను తలుచుకోండి.

మన కొట్టులో ఈ మూడూ ఎలా పనికివస్తాయో చూడండి. ట్యూబులిచ్చేది మొదటిరకం వెలుతురు. మంగళగిరి నూలు చీరకు అది హాయిగా సరిపోతుంది. ధర్మవరం పట్టుచీర జరీకి అది చాలదు. చిన్న దీపం సూటిగా పడితేనే జరీ మెరుస్తుంది. గుమ్మం దగ్గర బొమ్మకు కట్టిన చీర మీద చుట్టుపక్కల కన్న మూడు నుంచి అయిదు రెట్లు వెలుతురు పడితే దారినపోయేవారి చూపు దానిమీదికి పోతుంది. అన్నిటిమీదా అంత వెలుతురు పెడితే? ఏదీ కనిపించదు. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు గదా! ఇంకొక సంగతి. వెలుతురు పడ్డకొద్దీ బట్టల రంగు వెలిసిపోతుంది. అందుచేత ఆ బొమ్మకు కట్టిన చీరను తరచు మారుస్తూ వుండాలి.

కొట్టుకు దీపాలు అమర్చడం ఇంతే. కాని ఇందులో ఒక చిక్కు వుంది. వెలుతురు సంగతి తెలిసినవాడు దాన్ని రెండువిధాల వాడవచ్చు. కొన్ని చోట్ల టమాటాల మీద ఎర్రని మూకుడున్న దీపం వేలాడగడతారు. పచ్చికాయ కూడా పండినట్టు కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక గాని అసలురంగు బయటపడదు. అలాంటి దీపం సరుకును ఒకసారి అమ్మిపెడుతుంది. ఆ కొన్నవాడు రెండోసారి వస్తాడా? సరుకును వున్నది వున్నట్టు చూపే దీపమే మంచి దీపం.

మా పెద్దమ్మ సంగతి చెప్పలేదు గదూ? కొట్టాయన ఆ రవికె గుడ్డ వాపసు తీసుకున్నాడు. పది తానులు గుమ్మంలోకి మోయించి, సరి అయిన రంగు తనే వెతికి ఇచ్చాడు. పెళ్ళి బాగా జరిగింది. ఆ మర్నాటినుంచి ఆయన గుమ్మం పక్కన ఒక బల్ల వేయించాడు. రాత్రిపూట ఎవరైనా చీరకు రవికె జోడించబోతే, "అమ్మా, దీపాన్ని నమ్మకండి. పొద్దున వచ్చి ఇక్కడ చూసుకోండి," అనేవాడు. దానివల్ల ఆయన బేరాలు తగ్గలేదు. మా ఇంట్లోవాళ్ళంతా ఆ తరవాత ఆ కొట్లోనే బట్టలు కొన్నారు.

మీరు కూడా ఈ నెల ఒక పని చేసి చూడండి. ఇంట్లో నీలం, వంకాయరంగు, నలుపు, ముదురు ఎరుపు గుడ్డపీలికలు పోగుచేయండి. వాటిని రాత్రి ఒక దీపం కిందా, మరొక దీపం కిందా, మర్నాడు పగటి వెలుతురులోనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏవి కలిసిపోయాయో, ఏవి విడిపోయాయో రాసుకోండి. ఈసారి అమ్మ చీర పట్టుకుని గుమ్మంలోకి నడిచినప్పుడు నవ్వకండి. మీరు కూడా వెంట వెళ్ళండి.